కౌన్సిలర్ పోలీసులకు ఆర్డర్ వేయలేరు, కానీ సమాధానం రాబట్టగలరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో మీరుంటున్న వీధిలో దసరాకీ దీపావళికీ మధ్య మూడిళ్లలో దొంగలు పడ్డారు. మూడూ మనవాళ్ల ఇళ్లే, పోయింది బంగారమే. పోలీసులు క్రైమ్ రిఫరెన్స్ నంబర్ ఇచ్చి, పది రోజులకు దర్యాప్తు ముగిసిందని ఈమెయిల్ పంపారు. కౌన్సిలర్‌ని అడిగితే అది పోలీసుల విషయం అన్నారు. పోలీసులను అడిగితే ఇళ్ల వెనకాల సందులో లైట్ల సంగతి కౌన్సిల్‌తో మాట్లాడుకోమన్నారు. ఇంతకీ ఎవరిని పట్టుకోవాలి, గట్టిగా అడిగితే వీసాకి ఏమైనా అవుతుందా అని మీ టెన్షన్.

వీసా భయం ముందు వదిలేయండి. మీ ఇంట్లో దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేయడం, కౌన్సిల్ మీటింగులో లేచి ప్రశ్న అడగడం వీసాకి అడ్డం వచ్చే పనులు కావు. పైగా మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరుల కింద లెక్క. చట్టబద్ధమైన వీసా మీద ఇక్కడ ఉంటే, పద్దెనిమిదేళ్లు నిండితే, స్కిల్డ్ వర్కర్ వీసా అయినా సరే, కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. పోలింగ్ బూత్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ గుర్తింపుగా సరిపోతుంది. ఇంకా పేరు నమోదు చేసుకోకపోతే ఈ వారమే ఆ పని చేయండి. ఓటరు జాబితాలో మీ వీధి నుంచి నలభై తెలుగు పేర్లుంటే కౌన్సిలర్ మీ ఈమెయిల్ చదివే తీరు మారుతుంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

నేను మీకు కొంచెం దూరంలోని ఇలాంటి పట్టణంలోనే ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. అందులో ఆరేళ్లు కౌన్సిల్‌లో భద్రత విషయాలు చూసే స్క్రూటినీ కమిటీలో (పనితీరును పరిశీలించి నిలదీసే కమిటీ) స్థానికుల తరఫున సభ్యుడిగా కూర్చున్నాను. ఎన్నికైనవాడిని కాను, కమిటీ తనతో కలుపుకున్న మామూలు మనిషిని. తెలిసినంత చెబుతాను.

మన ఊళ్లో అలవాటైన పద్ధతి ఇక్కడ పనిచేయదు. కూకట్‌పల్లిలోనో గుంటూరులోనో ఇంట్లో దొంగలు పడితే ముందు కార్పొరేటర్‌కి ఫోన్ చేస్తాం, ఆయన సీఐకి చేస్తాడు, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఇంటికొస్తారు. చట్టం ప్రకారం ఆ కార్పొరేటర్‌కి పోలీసుల మీద ఏ అధికారమూ లేదు. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి, అందులో పోలీసింగ్ లేదు. అక్కడ నడిచేది పలుకుబడి. ఇక్కడ కౌన్సిలర్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి ‘ఫలానా వాడిని పట్టుకో’ అంటే అదే పెద్ద తప్పవుతుంది. ఎవరిని విచారించాలి, ఎవరిని అరెస్టు చేయాలి అన్నది పోలీసు అధికారి స్వతంత్ర నిర్ణయమనీ, ఆ విషయంలో ఆయన చట్టానికే జవాబుదారీ అనీ 1968లోనే ఇక్కడి కోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి మీ కౌన్సిలర్ అన్నదాంట్లో సగం నిజముంది. మిగతా సగం ఆమె చెప్పలేదు, బహుశా ఆమెకీ తెలియకపోవచ్చు. కొత్తగా గెలిచిన కౌన్సిలర్లలో చాలామందికి తెలియదు.

ఆ మిగతా సగం ఇదీ. 1998లో వచ్చిన క్రైమ్ అండ్ డిజార్డర్ చట్టం నేరాలు తగ్గించే బాధ్యతను పోలీసులొక్కరి నెత్తిన పెట్టలేదు. కౌన్సిల్, పోలీసులు, ఫైర్ సర్వీసు, ప్రొబేషన్ (శిక్ష పడి బయట ఉన్నవాళ్లను చూసుకునే విభాగం), ఆరోగ్య సంస్థ అందరూ కలిసి కూర్చుని ప్లాన్ వేసుకోవాలి. దాన్నే కమ్యూనిటీ సేఫ్టీ పార్ట్‌నర్‌షిప్ అంటారు. అదే చట్టంలో 17వ సెక్షన్ చాలా విలువైనది. కౌన్సిల్ ఏ పని చేసినా, అది వీధి దీపమైనా చెత్త డబ్బా అయినా పార్కు గేటు అయినా, దానివల్ల నేరం పెరుగుతుందా తగ్గుతుందా అన్నది చూసుకోవాల్సిందే అంటుందది. ఆ తర్వాత 2006 చట్టం, 2009 నిబంధనలతో ఈ పార్ట్‌నర్‌షిప్‌ని నిలదీయడానికి ప్రతి కౌన్సిల్‌లో ఒక స్క్రూటినీ కమిటీ ఉండి తీరాలన్నారు. కనీసం ఏడాదికోసారి కూర్చోవాలి. తగిన గడువిచ్చి పిలిస్తే పోలీసు అధికారి రావాల్సిందే. కమిటీ సిఫార్సు చేస్తే 28 రోజుల్లో, అది కుదరకపోతే వీలైనంత త్వరగా, రాతపూర్వకంగా జవాబివ్వాలి. మీ వార్డు కౌన్సిలర్ ఆ కమిటీలో సభ్యురాలు కాకపోయినా సరే, వార్డులోని నేరాల సమస్యను దాని ఎజెండాలో పెట్టించే హక్కు ఆమెకుంది. ‘అది పోలీసుల విషయం’ అని ఆమె మళ్లీ అంటే మర్యాదగా ఈ మాట గుర్తుచేయండి.

అయితే ఆ కమిటీ ముందు ఏం అడుగుతామన్నదే అసలు విద్య. నేను మొదటిసారి ఒక మీటింగుకి వెళ్లినప్పుడు చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. అప్పటికి మా వీధిలోనూ మీకు జరిగినట్టే జరిగింది. మా ఎదురింటి వాళ్ల అమ్మాయి పెళ్లికని దాచిన వడ్డాణం, అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు పోయాయి. ఆ కోపంతో వెళ్లాను. నాకిచ్చిన మూడు నిమిషాలూ ‘మాకు భద్రత లేదు, గస్తీ పెంచండి’ అని ఆవేశంగా మాట్లాడాను. అందరూ సానుభూతిగా తలలూపారు. ఇన్‌స్పెక్టర్ ‘ఉన్న సిబ్బందితో చేయగలిగినంత చేస్తున్నాం’ అన్నారు. ఛైర్మన్ ధన్యవాదాలు చెప్పి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. అంతే. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సహించలేదు.

రెండో మీటింగుకి వెళ్లే ముందు ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ నన్ను కూర్చోబెట్టి నేర్పింది. ఆవిడ మా వీధి నైబర్‌హుడ్ వాచ్ చూసుకునేది, అంటే వీధివాళ్లే ఒకరి ఇల్లు ఒకరు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. 1982లో చెషైర్‌లోని మాలింగ్టన్ గ్రామంలో మొదలైన ఆ పద్ధతిని మా పేటకు తెచ్చిన తొలి మనుషుల్లో ఆవిడ ఒకరు. ‘అభిప్రాయం అడిగితే అభిప్రాయమే వస్తుంది. లెక్క అడుగు’ అంది. ఇద్దరం కలిసి ప్రశ్న రాశాం. గత 12 నెలల్లో మా వార్డులో ఎన్ని ఇళ్లలో దొంగతనాలు జరిగాయి? ఎన్ని ఇళ్లకు ఆఫీసర్ స్వయంగా వచ్చారు? ఎన్నింట్లో పక్కింటి డోర్‌బెల్ కెమెరా ఫుటేజీ అడిగారు? అనుమానితులు దొరకలేదని ఎన్ని మూసేశారు? ఇన్‌స్పెక్టర్ దగ్గర పట్టణం మొత్తం లెక్క ఉంది కానీ మా వార్డు లెక్క లేదు. ఛైర్మన్ వచ్చే మీటింగుకి తెమ్మన్నారు. అది మినిట్స్‌లోకి, అంటే మీటింగు అధికారిక రికార్డులోకి ఎక్కింది. మినిట్స్‌లోకి ఎక్కిన మాటకు ఇక్కడున్న బలం, వంద మంది గుమికూడి అరిచినా రాదు.

తర్వాతి మీటింగుకి లెక్క వచ్చింది. అది చూసి తలదించుకోవాల్సింది నేనే. మా వీధిలో ఆ ఏడాది ఆరిళ్లలో దొంగలు పడ్డారని మాకందరికీ తెలుసు. పోలీసు కాగితాల్లో రెండే ఉన్నాయి. మిగతా నాలుగిళ్ల వాళ్లూ మనవాళ్లే, అసలు ఫిర్యాదే చేయలేదు. ఒకరికి పోలీస్ స్టేషన్ మెట్లెక్కడమంటే పరువు తక్కువ. ఒకరికి బిల్లులు లేవు, అంత బంగారం ఎక్కడిదని అడుగుతారేమోనని భయం. ఇంకొకరు ఇన్సూరెన్స్ లేనప్పుడు చెప్పి ఏం లాభమనుకున్నారు. పోలీసులు తమ మనుషుల్ని ఎటు పంపాలో లెక్క చూసే నిర్ణయించుకుంటారు. లెక్కలో లేని దొంగతనం వాళ్ల దృష్టిలో జరగనట్టే. మీరు చెప్పిన మూడిళ్లలో మూడూ రిపోర్టయ్యాయో లేదో ఈ రోజే కనుక్కోండి. కాకపోతే 101కి (అత్యవసరం కాని విషయాలకు పోలీసుల నంబరు) ఫోన్ చేసైనా, ఆన్‌లైన్‌లోనైనా ఇప్పుడు చెప్పొచ్చు, ఆలస్యమైనా ఫర్వాలేదు. పాత పెళ్లి ఫోటోల్లో ఆ నగలు కనిపిస్తుంటే వాటి కాపీలు కూడా ఇవ్వండి. బిల్లు లేని నగకు అదే ఆనవాలు.

ఇంటికి ఎవరూ రాలేదని రాశారు. 2022 అక్టోబర్‌లో ఇంగ్లండ్, వేల్స్ పోలీసు అధిపతులందరూ ఇళ్లలో జరిగే ప్రతి దొంగతనానికీ ఆఫీసర్ వెళ్లి చూస్తారని మాటిచ్చారు. మీ కేసులో రాకపోతే కారణమేమిటని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి, ప్రభుత్వం 2025లో ప్రకటించిన నైబర్‌హుడ్ పోలీసింగ్ గ్యారంటీ ప్రకారం ప్రతి పేటకూ పేరు తెలిసిన, మనం సంప్రదించగలిగిన ఆఫీసర్ ఉండాలి. పేటకు సంబంధించిన ప్రశ్నలకు 72 గంటల్లో స్పందించాలి. 2029 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా 13,000 మందిని ఈ పనికి అదనంగా పెడతామన్నారు. పోలీస్ డాట్ యూకే సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొట్టండి, మీ టీమ్ పేర్లు, ఆ పేటలో ప్రస్తుతం పట్టించుకుంటున్న సమస్యలు, రాబోయే మీటింగులు కనిపిస్తాయి. నెలవారీ నేరాల మ్యాప్ కూడా ఉంటుంది. ఆ మ్యాప్‌లో చుక్క మీ ఇంటి మీదే ఉండదు, దగ్గర్లోని వీధి మీద పెడతారు. అది చూసి మన కేసు ఎక్కించలేదని పొరబడకండి.

ఆ పేట మీటింగులు చిన్నవే. లైబ్రరీ గదిలో ఏడెనిమిది మంది, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పీసీఎస్‌ఓ (పోలీస్ కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్, అంటే పోలీసులకు సాయంగా పేటలో తిరిగే ఉద్యోగి), నోట్‌బుక్కు. వచ్చేది చాలావరకు పెద్దవాళ్లు. వాళ్లడిగేది కార్ల పార్కింగ్, కుక్కల మలం. అక్కడికి మీ వీధి నుంచి నలుగురు వెళ్తే వచ్చే మూడు నెలలకు ఆ పేట మొదటి సమస్యగా ఇళ్ల దొంగతనాలు ఎక్కుతాయి. ఇలాంటి మీటింగులు క్రమం తప్పకుండా పెట్టడం పోలీసుల దయాదాక్షిణ్యం కాదు, 2011 పోలీస్ రిఫార్మ్ అండ్ సోషల్ రెస్పాన్సిబిలిటీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం వాళ్ల బాధ్యత. చాలాచోట్ల ఆన్‌లైన్‌లో పెట్టి సరిపెడుతున్నారు. మనుషులుగా వెళ్లి కూర్చునే అవకాశముంటే అదే మేలని నా గట్టి నమ్మకం. ఆ పీసీఎస్‌ఓకి మీ ముఖాలు గుర్తుండాలి.

ఇప్పుడు సందు సంగతి. నా దృష్టిలో మీ సమస్యకు మందు ఎక్కువగా అక్కడే ఉంది. వరస ఇళ్ల వెనకాల సన్నగా పోయే ఆ సందులు ఇంగ్లండ్ పాత పట్టణాలన్నిటా ఉన్నాయి. అలాంటి సందు ఉంటే దొంగలకు వెనక నుంచి రావడం సులువు. మా వీధి సందులో ఒక నవంబర్ సాయంత్రం ఐదింటికి పీసీఎస్‌ఓ, కౌన్సిల్ ఆఫీసరు, నేను టార్చిలైట్లు పట్టుకుని నడిచాం. అప్పటికే చిమ్మచీకటి. మూడో దీపం వెలగడం లేదు. దాని కింద ఒక చెత్త డబ్బా, చక్రాలది, గోడకు ఆనించి ఉంది. టార్చి దాని మీద పడేసరికి నల్లటి మూత మీద బూటు ముద్ర స్పష్టంగా కనిపించింది. గోడకి అవతల కిటికీ. ఆ ఇంటావిడ రోజూ ఆ కిటికీ పక్కనే దేవుడి గూట్లో దీపం పెట్టుకుంటుంది. ఎవరో ఆ డబ్బా మీద నిలబడి ఆ ఇంట్లోకి చూశారు. ఆ ముద్ర చూశాక ఆఫీసరు నాతో ఇంకేమీ వాదించలేదు.

దీపం బాగుచేయాల్సింది పోలీసులు కాదు. డబ్బాలు సందులోంచి తీయించాల్సింది పోలీసులు కాదు. సందుకు రెండు వైపులా తాళం గేట్లు పెట్టించడం కూడా కౌన్సిల్ పనే. 2014 చట్టం కింద పబ్లిక్ స్పేసెస్ ప్రొటెక్షన్ ఆర్డర్ తెచ్చి ఆ సందును బయటివాళ్లకు మూసేయొచ్చు, వీధివాళ్లకు తాళాలిస్తారు. ఆర్డర్‌కి గడువుంటుంది, అది తీరేలోపు పొడిగించుకోవాలి. దాని ముందు చుట్టుపక్కల వాళ్ల అభిప్రాయాలు తీసుకుంటారు. అప్పుడు అందరూ ఫారాలు నింపి పంపాలి. మా దగ్గర గేట్లు పడటానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఒక్కో ఇంటి తలుపూ తట్టి సంతకాలు తీసుకున్నాం. నా భార్య పులిహోర డబ్బా పట్టుకుని వెంట వచ్చేది, ఇంగ్లీషువాళ్ల ఇళ్లకు కూడా. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఉగాదికి మా ఇంటికొస్తారు.

మీది రెండంచెల కౌన్సిల్ ఉన్న ప్రాంతమైతే ఒక చిక్కుంది. చెత్త డబ్బాలు డిస్ట్రిక్ట్ కౌన్సిల్ చూస్తుంది, వీధి దీపాలు సాధారణంగా కౌంటీ చూస్తుంది. ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. ప్రతి దీపస్తంభానికి ఒక నంబరుంటుంది. అది ఫోటో తీసి, నంబరుతో ఫిర్యాదు చేసి, వచ్చిన రసీదు దాచుకోండి. ‘సందులో లైట్లు లేవు’ అని రాస్తే ఆ ఈమెయిల్ ఊళ్లు తిరుగుతుంది. ‘ఫలానా నంబరు స్తంభం ఫలానా తేదీ నుంచి వెలగడం లేదు’ అని రాస్తే అది ఒకరి బల్ల మీద ఆగుతుంది.

సందులో సాయంత్రాలు కుర్రాళ్లు చేరి గొడవ చేస్తున్నారని కూడా చివర్లో రాశారు. దొంగతనాలకూ వాళ్లకూ సంబంధం ఉందని తొందరపడి అనొద్దు, రాయొద్దు. కానీ అది వేరే సమస్యగా ఫిర్యాదు చేయండి. ఆరు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేసినా పని జరగకపోతే యాంటీ సోషల్ బిహేవియర్ కేస్ రివ్యూ కోరే హక్కుంది. అప్పుడు కౌన్సిల్, పోలీసులు ఒకేచోట కూర్చుని మీ ఫైలు చూడాలి. ఒక్కో సంఘటనా జరిగిన నెలలోపే చెప్పి ఉండాలన్నది మరవకండి. తేదీలు రాసిపెట్టుకోండి.

డబ్బు సంగతి కూడా ఒకసారి చూడండి. మీ కౌన్సిల్ టాక్స్ బిల్లు తీసి చదివితే పోలీసు కమిషనర్ పేరుతో విడిగా ఒక వరస ఉంటుంది. వసూలు చేసేది కౌన్సిలే అయినా ఆ డబ్బు పోలీసులకు వెళ్తుంది. దాన్ని నిర్ణయించేది 2012 నుంచి ప్రజలు ఎన్నుకుంటున్న పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్. మన హైదరాబాద్ కమిషనర్‌లా యూనిఫాం వేసుకునే అధికారి కాదు, రాజకీయ నాయకుడు. ఆయన మీద కన్నేసి ఉంచేది కౌన్సిలర్లు ఎక్కువగా ఉండే పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్. మూడింట రెండొంతుల మంది కలిస్తే ఆయన ప్రతిపాదించిన పన్నును, చీఫ్ కానిస్టేబుల్ (ఆ ప్రాంత పోలీసు అధిపతి) నియామకాన్ని వెనక్కి పంపగలరు. లండన్, గ్రేటర్ మాంచెస్టర్ లాంటి చోట్ల ఈ పని మేయర్ది. ఈ కమిషనర్ పదవిని 2028 మేలో పూర్తిగా ఎత్తేస్తామని ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. మేయర్లకో, మేయర్లు లేని చోట కౌన్సిల్ నాయకులుండే బోర్డులకో ఈ బాధ్యత వెళ్తుంది. కాబట్టి రానున్న రోజుల్లో కౌన్సిల్ గడప దగ్గర పరిచయం మీకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. మీ మూడిళ్ల కేసుతో మాత్రం కమిషనర్ దాకా ఇప్పుడే వెళ్లొద్దు. స్క్రూటినీ కమిటీ నుంచి జవాబు రాకపోతే అప్పుడు చూద్దాం.

మీరు అనుకుంటున్న పిటిషన్ గురించి. వాట్సాప్ గ్రూపులో మూడు వందల సంతకాలు పోగేయడం తేలికే, కానీ వేరే ఊళ్లలో ఉండే మిత్రుల సంతకాలు వద్దు. కౌన్సిల్ పోస్ట్‌కోడ్‌లు చూస్తుంది. ముప్ఫై మంది వీధివాళ్ల సంతకాలు చాలు, అందులో పదిమంది తెలుగువాళ్లు కానివాళ్లు ఉంటే మరీ మంచిది. బంగారం కోసం మన ఇళ్లనే వెతుక్కుని వస్తున్నారన్నది నిజమే, అది మీరు చెప్పాలి కూడా. కానీ చీకటి సందు పక్కింటి ముసలాయనకూ ప్రమాదమే కదా. ఆయన్ని కలుపుకుని వెళ్తే ‘ఒక వర్గం గొడవ’ అని పక్కన పెట్టలేరు.

కమిటీ ఎజెండా మీటింగుకి ఐదు పనిదినాల ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెడతారు. ప్రజల ప్రశ్నలకు గడువు ఒక్కో కౌన్సిల్‌లో ఒక్కోలా ఉంటుంది, చాలాసార్లు ఎజెండా కంటే ముందే అయిపోతుంది. కౌన్సిల్‌లో మీటింగుల పని చూసే డెమోక్రటిక్ సర్వీసెస్ అని ఒక విభాగం ఉంటుంది, వాళ్లకు ఫోన్ చేసి ఆ తేదీ కనుక్కోండి. చాలా ఓపికగా చెబుతారు. తర్వాత మీ ప్రశ్న తెలుగులోనే రాసి ఇక్కడ పెట్టండి, ఇళ్ల నంబర్లు, పేర్లు లేకుండా. కమిటీలో చదివేందుకు సరిపోయేలా ఇంగ్లీషులో నేను సరిచేసి ఇస్తాను.